పొద్దున వెళ్ళి పొద్దుగూకేలోపు వచ్చే బండి

మొన్న మా వీధి కుర్రాడొకడు కొత్తగా మినీబస్సు కొన్నాడు. దానికి పూలదండ వేయించి, స్వీటు పెట్టె పట్టుకుని మా ఇంటికొచ్చాడు. "బాబాయ్, ఇన్నేళ్ళు ఫ్యామిలీ ట్రిప్పులు తోలావు గదా, కాస్త రూట్లు చెప్పు" అన్నాడు. రూట్లు నీ ఫోన్లోనే ఉంటాయిరా, వాటికి నేనెందుకు అన్నాను. ఆ మాటకు వాడి మొహం చిన్నబోయింది. వాడు వెళ్ళిపోయాక ఆలోచిస్తే పాపమనిపించింది. ఫోన్లో లేనివి చాలా ఉన్నాయి, అవి ఎవరో ఒకరు చెప్పాలి. అడిగినవాడికల్లా మొదటి నుంచీ చెప్పే ఓపిక నాకు లేదు కాబట్టి రాసి పెడుతున్నాను.

నా పేరు కోటేశ్వరరావు. అందరూ కోటయ్య అంటారు. సత్తెనపల్లిలో బ్రహ్మయ్య గారనే ఆయన ట్రావెల్స్‌లో డ్రైవర్‌గా చేరాను. మోకాళ్ళు మొరాయించేదాకా అక్కడే చేశాను. పెళ్ళిళ్ళకు తోలాను, దినాలకు తోలాను, ఎన్నికల మీటింగులకు జనాన్ని తోలాను. కానీ నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే ఒక్కరోజు ట్రిప్పులనే చెప్తాను. ఊటీలు, తిరుపతులు పెట్టుకోలేని నాలుగైదు కుటుంబాలు కలిసి ఒక బండి మాట్లాడుకుంటాయి. అన్నం మూట కట్టుకుని, పిల్లల్ని ఒళ్ళో వేసుకుని పొద్దున్నే ఎక్కుతారు. సూర్యలంకో, కోటప్పకొండో, కొండవీడో చూసి చీకటి పడేలోపు ఇల్లు చేరతారు. ఆ బండి తోలేవాడు ఎవరికీ పెద్దగా కనపడడు. అయితే ఆ రోజు బాగుండటం, చెడిపోవడం సగానికి సగం వాడి చేతిలోనే ఉంటాయి.

పాలు తాగించి ఎక్కించకండి

బండి మాట్లాడుకునేది పెద్దవాళ్ళు, కానీ బండి నడవాల్సింది పిల్లల కడుపును బట్టి. పెద్దవాళ్ళకు ఈ సంగతి పట్టదు. పిల్లాడు ఆకలికి ఆగలేడేమోనని పొద్దున్నే గ్లాసుడు పాలు తాగించి మరీ ఎక్కిస్తారు. నరసరావుపేట దాటేలోపు ఆ పాలు నా సీటు వెనక ఉంటాయి. ఒకడు కక్కాడంటే ఆ వాసనకు పక్కవాడు, వాడిని చూసి వాళ్ళమ్మ. ఇక ఆ రోజంతా బండి కంపే. ఒక ఇడ్లీ ముక్క పెట్టి ఎక్కించండి, చాలు. కిటికీ పక్కన కూర్చోబెట్టండి. ఫోను మాత్రం చేతికివ్వకండి. తల వంచుకుని ఫోను చూసే పిల్లాడు మలుపులో కక్కకుండా ఉండడం నేను చూడలేదు.

డ్రైవరుకు కూడా ఒక మాట. పిల్లలు ఆపమంటే ఆపాలి. "ఇప్పుడే గదా ఆపాను, అప్పుడేం చేస్తున్నారు" అని వెనక్కి తిరిగి గుడ్లురిమే డ్రైవర్లను నేను చాలామందిని చూశాను. మూడేళ్ళ పిల్లకు అప్పుడు రాలేదు, ఇప్పుడొచ్చింది. దానికి నువ్వు అరిస్తే ఏం లాభం? చెట్టు నీడ చూసి ఆపు. రోడ్డు వైపు తలుపు తెరవనివ్వకు. ఆపినప్పుడు నువ్వు కూడా దిగి కాస్త నడుం సాగదీసుకో.

ఇంకొకటి ఉంది, ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం. పిల్ల ఏడుస్తుండగా బండి తీయకూడదు. వెళ్ళేటప్పుడైనా, వచ్చేటప్పుడైనా సరే. ఏడుపు ఆగేదాకా ఇంజను ఆపేసి కూర్చోవాలి. పెద్దవాళ్ళు "ఏం కాదు, పోనివ్వండి, అదే ఊరుకుంటుంది" అంటారు. ఊరుకుంటుంది, నిజమే, అలిసిపోయి. మర్నాడు ఆ పిల్లకు గుర్తుండేది ఆ ఏడుపే. అంత డబ్బు పోసి, అంత శ్రమపడి ఏడుపును ఇంటికి మోసుకెళ్ళడం దేనికి?

అయిదు ఊళ్ళ ప్యాకేజీ

మా ఓనరు బ్రహ్మయ్య గారు మంచివాడే గానీ మొండివాడు. ఎదుటివాడు ఏదైనా మొదలుపెట్టాడంటే తనూ పెట్టాల్సిందే. గుంటూరులో ఎవరో ఒక్క రోజులో అయిదు చోట్లు చూపిస్తున్నారని విని, మర్నాటికల్లా మా షెడ్డు ముందు బోర్డు కట్టించాడు. మంగళగిరి, ఉండవల్లి గుహలు, అమరావతి, ఉప్పలపాడు పక్షులు, కోటప్పకొండ. "ఒక్క డీజిల్ ఖర్చుతో అయిదు చోట్లు కోటయ్యా. జనం విరగబడతారు చూడు" అన్నాడు.

విరగబడ్డారు, అందులో అబద్ధం లేదు. ఆ ట్రిప్పు ఎలా ఉండేదో చెప్తాను. పిల్లలు బండిలో ఉన్నంతసేపూ గంతులు వేసేవాళ్ళు. ఊరొచ్చేసరికి నిద్రపోయేవాళ్ళు. వాళ్ళను లేపి, కునికిపాట్లు పడుతుంటే ఎండలోకి లాగి, ఒక ఫొటో తీసి మళ్ళీ ఎక్కించేవాళ్ళు. తండ్రులకు మరీ ఆత్రం. "దిగండి దిగండి, ఇంకా మూడున్నాయి" అని నాకంటే గట్టిగా అరిచేవాళ్ళు. ఉప్పలపాడు చేరేసరికి మసక చీకటి. పక్షులెక్కడని పిల్లలు ఏడుపు, చెట్ల మీద ఆ తెల్లగా ఉన్నవే పక్షులని తల్లులు బుజ్జగింపు. నా తల ప్రాణం తోకకొచ్చేది.

ఓనరుకు ఎంత చెప్పినా వినలేదు. చివరకు ఒక ఆదివారం తన మనవరాలిని, కూతురిని ఎక్కించుకుని ఆయనే వచ్చాడు. అయిదూ చూసి ఇల్లు చేరాం. ఇంటి దగ్గర వాళ్ళావిడ మనవరాలిని ఎత్తుకుని ఏం చూశావే బంగారం అని అడిగింది. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "బండిలో ఫ్యాన్ ఉంది అమ్మమ్మా, నా వైపే తిరిగింది" అంది. బ్రహ్మయ్య గారు చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాడు. మర్నాడు బోర్డు తీయించాడు. అప్పటి నుంచి మా బండి ఒక రోజుకు ఒక చోటికే వెళ్ళేది. ఆయనలో నాకు నచ్చింది అదే. తప్పని తెలిస్తే సాగదీసేవాడు కాదు.

అయితే ఆయనకు ఇంకో జబ్బు ఉండేది, అది ఎప్పటికీ కుదరలేదు. ఒక్కరోజు ట్రిప్పు బండి సాయంత్రానికి వచ్చేస్తుంది కదా అని, ఆ రాత్రికి అదే బండిని పెళ్ళికి ఒప్పుకునేవాడు. ఇక్కడ పిల్లలు ఇసుకలో ఆడుతుంటే, అక్కడ పెళ్ళికొడుకు నా కోసం చూస్తుండేవాడు. మధ్యలో నా ఫోను మోగుతూ ఉండేది.

ఎక్కడికి తీసుకెళ్ళాలి

పిల్లలకు పెద్ద పెద్ద చోట్లు అక్కర్లేదు. కొండవీడు ఎక్కించాం, రెడ్డిరాజుల కోట చూపించాం అని మీరు మురిసిపోతారు. వాడు చూసేది ఆ కోట గోడ మీద తల ఆడించే తొండను. చూడనివ్వండి. వాడు దాన్ని చూసినంతసేపు మీరు నీడలో కూర్చోండి. ఉప్పలపాడుకు పొద్దున పూట వెళ్తే పక్షులు తమ పిల్లలకు తిండి పెట్టడం కనిపిస్తుంది. దానికి మించిన సినిమా లేదు, కొనమని పిల్లలు పేచీ పెట్టడానికి అక్కడ దుకాణాలు కూడా పెద్దగా ఉండవు. సాగర్ గేట్లు ఎత్తారని తెలిసి జనమంతా పరిగెత్తే రోజు మాత్రం చంటి పిల్లలతో వెళ్ళకండి. నీళ్ళు కనపడవు, ఎదుటివాళ్ళ వీపులు కనపడతాయి.

తిండి ఇంటి దగ్గర నుంచే పట్టుకెళ్ళాలి. డబ్బు మిగులుతుందని మాత్రమే కాదు. హోటల్లో కూర్చుంటే పిల్లవాడు ఒలకబోస్తాడని తల్లి హడలి చస్తుంది. చాప మీదైతే ఒలకబోసినా చీమలు తింటాయి. పులిహోర, పెరుగన్నం, నాలుగు అరటిపళ్ళు, క్యాను నీళ్ళు ఉంటే ఆ రోజుకు లోటు లేదు. నన్నడిగితే అన్నిటికంటే సముద్రమే మేలు. దానికి టిక్కెట్టు లేదు, మూసే వేళ లేదు, పిల్లవాడు విరగ్గొడతాడన్న భయం లేదు. పక్కన కాపలాగా పెద్దవాళ్ళుండి, మోకాలి లోతు దాటనివ్వకపోతే చాలు.

మిరపకోతల వాళ్ళ ట్రిప్పు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ పని గురించి నాకు తెలిసిందంతా ఒకే రోజున కనపడిందంటే అది ఈ ట్రిప్పులోనే.

మే నెలలో ఒక రోజు వెంకాయమ్మ అనే ఆవిడ షెడ్డుకొచ్చింది. సత్తెనపల్లికి పక్కనే ఒక పల్లె వాళ్ళది. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం మైకు. వస్తూనే నన్ను పట్టుకుంది. "ఏవయ్యా డ్రైవరూ, కాయ కోతలు అయిపోయినయ్. మగాళ్ళంతా మిర్చి యార్డు కాడ పడిగాపులు గాస్తన్నారు. మేం ఆడోళ్ళం, పిల్లలం సముద్రం చూసి రావాల. చంటిపిల్లలకు టిక్కెట్టు అనమాక, ఒళ్ళోనే కూసుంటారు." ఓనరు ఒప్పుకున్నాడు. ఒక షరతు పెట్టాడు. ఆ రోజు సాయంత్రం ఏదో పెళ్ళి ఉంది, చీకటి పడేలోపు బండి షెడ్డులో ఉండాలి.

అనుకున్న రోజు తెల్లవారుతూనే వాళ్ళ ఊరు వెళ్ళాను. ఆడవాళ్ళు ఎక్కుతుంటే అద్దంలో చూస్తున్నాను. పిల్లల్ని ఎత్తి ఎక్కించేటప్పుడు ఒక్కరు కూడా అరచేతులు వేయడం లేదు. మోచేతుల మధ్య ఇరికించి ఎత్తుతున్నారు, చేతివేళ్ళు పక్కకు తిప్పి పెట్టుకుంటున్నారు. మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. నెలల తరబడి మిరపకాయ కోసిన చేతులు కదా, కోతలు అయిపోయినా వాళ్ళకు ఆ అలవాటు పోలేదు.

వెంకాయమ్మ కోడలు నాగమణి. పాతికేళ్ళుంటాయేమో. ఆమె కూతురు హాసినికి నాలుగేళ్ళు. ఆ పిల్ల నాయనమ్మ ఒళ్ళో ఎక్కి కూర్చుంది, పక్కనే తల్లికి సీటున్నా అటు చూడలేదు. నేను ఊరికే ఉండక, "అమ్మ దగ్గర కూర్చో పాపా, నాయనమ్మకు కాళ్ళు నొప్పులు" అన్నాను.

"అమ్మ చెయ్యి మండుద్ది" అంది హాసిని.

బండిలో అందరూ నవ్వారు. నాగమణి కూడా నవ్వింది. నవ్వి కిటికీ వైపు తిరిగింది.

చిలకలూరిపేట దాటాక వెంకాయమ్మ నా వెనక సీటుకు జరిగి సంగతంతా చెప్పింది. కోతల మొదట్లో పిల్ల చేను గట్టున పడి ఏడుస్తుంటే, నాగమణి పరిగెత్తుకొచ్చి గాభరాలో ఆ చేతులతోనే కళ్ళు తుడిచింది. ఇక ఆ పిల్ల పెట్టిన కేకలు చేను చేనంతా వినపడ్డాయట. ఆ రోజు నుంచి తల్లి చెయ్యి దగ్గరకొస్తే చాలు, పిల్ల దూరం జరుగుతుంది. అన్నం పెట్టేది, తల దువ్వేది, నిద్రపుచ్చేది అంతా నాయనమ్మే. కోతలయ్యాక నాగమణి మిరపకాయ ముట్టలేదు. రోజూ చేతులకు ఆముదం రాసుకుంటోంది, మజ్జిగతో కడుగుతోంది. ఇంకో నాలుగు రోజులైతే గుంటూరు కోల్డ్ స్టోరేజీలో కాయ తొడిమలు తీసే పనికి కూలీల ముఠాతో వెళ్ళాలి. అక్కడ మళ్ళీ అవే చేతులు.

"ఈ మధ్యలో దొరికింది ఈ నాలుగు రోజులే అబ్బాయ్. ఇయాళ సముద్రం కాడ పిల్లకు తన చేత్తో ముద్ద పెట్టాలని దాని ఆశ. ఎవరికీ చెప్పలా, నాకొక్కదానికే చెప్పింది. నువ్వు ఎవరితో అనమాక" అంది వెంకాయమ్మ. ఆవిడ రహస్యం బండి చివరి సీటు దాకా వినపడింది. అందరూ కిటికీల్లోంచి చూడటం మొదలుపెట్టారు. నాగమణి చెవులు ఎర్రబడ్డాయి.

అన్నం దగ్గర

సూర్యలంకలో సరుగుడు చెట్ల నీడన బండి ఆపాను. సముద్రాన్ని ఎప్పుడూ చూడని పిల్లలు మొదట తల్లుల కొంగులు పట్టుకుని నిలబడ్డారు. కాసేపటికి ఒకడు ఇసుకలో గుంట తవ్వడం మొదలుపెట్టాడు, అంతే, అందరూ అక్కడ చేరారు. హాసిని పీత కన్నంలో పుల్ల పెట్టి, పీత వస్తుందేమోనని బోర్లా పడుకుని చూస్తోంది. నాగమణి పిల్లకు కాస్త దూరంలో కూర్చుని ఆ పిల్లనే చూస్తోంది.

మధ్యాహ్నం చాపలు పరిచి డబ్బాలు విప్పారు. నాగమణి పిల్ల కోసం వేరే చిన్న డబ్బాలో మెత్తగా పెరుగన్నం కలిపి తెచ్చింది. ఆకలి మీదున్న హాసిని తల్లి ఎదురుగా వచ్చి కూర్చుంది. మేమంతా మా కంచాల్లోకి చూస్తున్నట్టు నటిస్తున్నాం. నాగమణి డబ్బాలో చెయ్యి పెట్టి చిన్న ముద్ద చేసింది. పిల్ల ఒక్క క్షణం తల్లి చేతి వంక చూసి, నోరు తెరిచింది.

ముద్ద మింగింది. రెండోది కూడా తీసుకుంది. తర్వాత పెదాలు చప్పరించి, మొహం వంకరపెట్టి, పెరుగంటిన మూతిని తుడుచుకుని, ఆ చేత్తోనే కన్ను నలుపుకుంది. ఇక ఏడుపు అందుకుంది. నాగమణి బిత్తరపోయి చటుక్కున ఆ కళ్ళు తుడిచింది, మళ్ళీ అదే చేత్తో. పిల్ల ఇసుకలో దొర్లిపోయింది.

ఏం జరిగిందో వెంకాయమ్మకు ముందు తెలిసింది. "ఏమే, పొద్దున పండుమిరప పచ్చడి ఎవరు కలిపింది?" అంది. నాగమణి తన చేతుల వంక చూసుకుంది. పెద్దవాళ్ళ కోసమని తెల్లవారుజామున జాడీ పచ్చడి తీసి, తిరగమోత వేసి, చేత్తో పిసికి కలిపి డబ్బాకెత్తింది తనే. మా వైపు ఆడవాళ్ళకు పచ్చడి చేత్తో కలపకపోతే కలిపినట్టే కాదు. గరిటెతో కలిపితే రుచి రాదంటారు. అన్నాళ్ళు ఆముదం రాసి కాపాడుకున్న చేతులు, అలవాటు కొద్దీ ఒక్క నిమిషంలో కారంలోకి వెళ్ళిపోయాయి. సబ్బుతో కడుక్కుంది గానీ ఆ ఘాటు సబ్బుకు లొంగేది కాదు.

నేను క్యాను పట్టుకొచ్చి పిల్ల తల వెనక్కి పట్టుకుని కంట్లో సన్నగా నీళ్ళు పోశాను. పోస్తూనే ఉన్నాను. వెంకాయమ్మ పెదాలకు, చెంపలకు పెరుగు పూసింది. ఎవరో బాపట్ల ఆసుపత్రి అన్నారు. కన్ను తెరవకపోతే అక్కడికే వెళ్దామని తాళాలు జేబులోంచి తీసి పెట్టుకున్నాను. చివరకు తెరిచింది. ఎర్రగా ఉంది గానీ నా మొహం, నాయనమ్మ మొహం చూసింది. మాకు ప్రాణం లేచొచ్చింది. ఏడుపు మాత్రం ఆగలేదు. వెక్కుతూ నాయనమ్మ మెడ కరుచుకుంది.

నాగమణి వెళ్ళి బండి మెట్టు మీద కూర్చుంది. నేను దగ్గరకెళ్తే తల ఎత్తకుండానే అంది. "ఇంక నా దగ్గరకు రాదు బాబాయ్. బండి తియ్, పోదాం."

సరిగ్గా అప్పుడే ఓనరు ఫోను. "బయల్దేరావా కోటయ్యా? పెళ్ళివాళ్ళు అప్పుడే రెండుసార్లు అడిగారు."

"ఇంకా లేదండి. ఆలస్యమవుద్ది."

"ఆలస్యమంటే? పెళ్ళికొడుకు నడిచి పోతాడా?"

"పాత బండి ఉంది గదండి షెడ్డులో. మీరు తోలండి" అన్నాను.

ఆయన స్టీరింగు పట్టుకుని ఏళ్ళయింది. నన్నూ నా వంశాన్నీ కలిపి తిట్టాడు. వినేంతసేపు విని ఫోను కట్టేశాను. నాకు భయం లేదని చెప్పను. ఆ వయసులో ఇంకో ఓనరును వెతుక్కోవడం తేలిక కాదు. కానీ ఆ పిల్లను ఆ ఏడుపుతో ఎక్కించి ఆ తల్లిని పక్క సీట్లో కూర్చోబెట్టి తోలడం నా వల్ల కాదు. నాగమణితో, "నీ కూతురు ఏడుపు ఆపేదాకా ఈ బండి కదలదు. నువ్వు చెప్పినా కదలదు, మా ఓనరు చెప్పినా కదలదు" అన్నాను.

ఆ సాయంత్రం బ్రహ్మయ్య గారు నిజంగానే పాత బండి తీసి పెళ్ళికొడుకుని అద్దంకి దాకా తోలుకెళ్ళాడు. ఆ పెళ్ళిలో తనకు మర్యాదలు ఎంత బాగా చేశారో తర్వాత చాలా నెలలు చెప్పుకున్నాడు. నన్ను తిట్టిన సంగతి మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

ఉప్పు

వెంకాయమ్మ తన సంచిలోంచి కొబ్బరినూనె సీసా తీసి కోడలి ఒళ్ళోకి విసిరింది. "కూసుని ఏడిస్తే పోద్దా? రుద్దుకో" అంది. నాగమణి లేచి నీళ్ళ అంచుకు వెళ్ళింది. చేతులకు నూనె పట్టించి, తడి ఇసుకతో వేళ్ళ సందులన్నీ తోముకుని, అలలో కడుక్కుంది. మళ్ళీ నూనె, మళ్ళీ ఇసుక. కోతల్లో ఆమె వేళ్ళు పగిలి ఉన్నాయి. పగుళ్ళలో ఉప్పునీళ్ళు చుర్రుమంటుంటే పళ్ళు బిగబట్టి తోముతోంది. నేను చూడలేక పక్కకు తిరిగాను.

పిల్లల ఏడుపుకు ఒక మంచి గుణముంది. ఎదురుగా ఎవరైనా వింత పని చేస్తుంటే ఏడుపు మానేసి చూస్తారు. హాసిని నాయనమ్మ భుజం మీద నుంచి తల్లిని చూడసాగింది. తల్లి రెండు చేతులూ ఇసుకలోకి గుచ్చుతోంది, తీస్తోంది. పిల్లకు అది ఆటలా తోచింది. దిగుతానని గింజుకుంది. మెల్లగా నడుచుకుంటూ వెళ్ళి, తల్లికి అందనంత దూరంలో కూర్చుని, తనూ ఇసుకలోకి చేతులు గుచ్చింది. నాగమణి పలకరించలేదు. తలైనా తిప్పలేదు. తిప్పితే పోతుందేమోనని భయం.

అంతలో కాస్త పెద్ద అల వచ్చింది. పెద్దదంటే పిల్ల నడుముకు తగిలేంత. నీళ్ళు వెనక్కి పోతూ పోతూ కాళ్ళ కింద ఇసుకను లాగేశాయి. కూర్చున్న పిల్ల తల్లి వైపు జారింది. కెవ్వుమని, చేతికందింది పట్టుకుంది. అందింది తల్లి చెయ్యి.

నాగమణి ఆ చేతిని కట్టెలా అట్టే పెట్టింది గానీ వేళ్ళు ముడవలేదు. పిల్లను పట్టుకోవడానికి కూడా భయపడింది. వెనక నుంచి వెంకాయమ్మ గొంతు సముద్రం హోరును దాటి వినపడింది. "పట్టుకోవే, పట్టుకో, ఇంకోటి వస్తంది." అప్పుడు పట్టుకుంది. రెండో అల వచ్చి ఇద్దరినీ తడిపి పోయింది. మూడోది కూడా. పిల్ల వదల్లేదు. నాలుగో దానికి నవ్వింది.

అలలు కాస్త తగ్గాక హాసిని తల్లి చేతిని రెండు చేతులతో పైకెత్తి, అటూ ఇటూ తిప్పి చూసింది. చూపుడు వేలు నోటి దగ్గర పెట్టుకుని నాలుకతో తాకింది. మేమందరం అక్కడే నిలబడి చూస్తున్నాం. నాగమణి మెల్లగా అడిగింది. "మండుతుందా అమ్మా?"

పిల్ల ఇంకోసారి నాకి చూసింది. "ఉప్పగా ఉంది" అంది.

నాగమణి పిల్లను ఒళ్ళోకి లాక్కుని భోరున ఏడ్చింది. మొహానికి అడ్డం పెట్టుకోవడానికి చేతులు కూడా లేవు, రెండూ పిల్లను పట్టుకునే ఉన్నాయి. ఆడవాళ్ళంతా కొంగులతో కళ్ళు ఒత్తుకున్నారు. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అందులో దాచుకోవాల్సిందేముంది. డబ్బాలో మిగిలిన పెరుగన్నం అక్కడే, తడి బట్టలతోనే ఇద్దరూ కూర్చుని ఖాళీ చేశారు. ప్రతి ముద్దకూ హాసిని ముందు నాలుక చాపి తాకేది, తర్వాత తినేది. అన్నం అయ్యేసరికి ఆ తాకడం కూడా మానేసింది.

తిరుగు ప్రయాణం

ఎండ వాలాక బయల్దేరాం. బాపట్ల దాటేసరికి పిల్లలందరూ నిద్రలో ఉన్నారు. ఆడవాళ్ళూ ఒకరి మీద ఒకరు వాలి కునుకుతున్నారు. అద్దంలో చూస్తే మేలుకుని ఉన్నది నాగమణి ఒక్కతే. హాసిని సీటు మీద ముడుచుకుని పడుకుంది. తల కింద తల్లి అరచెయ్యి, చెంప దాని మీద ఆనించింది. నాగమణి ఆ చెయ్యి కదలకుండా ఒంగి కూర్చుంది. నేను గతుకుల దగ్గర రెండో గేరులోకి వచ్చాను. వెనక వస్తున్న లారీవాడు హారను కొట్టి కొట్టి దాటిపోయాడు.

వాళ్ళ ఊరు చేరేసరికి చీకటి పడి వీధిదీపాలు వెలిగాయి. ఒక్కొక్కరినీ వాళ్ళ వాళ్ళ ఇళ్ళ ముందు దించుతూ వచ్చాను. వెంకాయమ్మ తన ఇంటికి ముందే, మేకలకు నీళ్ళు పెట్టాలంటూ దొడ్డి దగ్గర దిగిపోయింది. చివరకు నాగమణి, హాసిని మిగిలారు. వాళ్ళ ఇంటి ముందు బండి ఆపి, "ఇల్లొచ్చిందమ్మా, దిగు" అన్నాను.

ఆమె కదల్లేదు. అద్దంలో నా వంక చూసి, పిల్లకు మెలకువ వస్తుందేమోనని గొంతు తగ్గించి అంది.

"దిగాలంటే చెయ్యి తియ్యాల బాబాయ్."

నేను బండిని మెల్లగా ముందుకు పోనిచ్చాను. ఊరు దాటి, మిరప కల్లాల దాకా వెళ్ళి, అక్కడ తిప్పుకుని వెనక్కి వచ్చాను. మళ్ళీ వాళ్ళ ఇంటి ముందుకు వచ్చేసరికి పిల్ల ఇంకా నిద్రపోతూనే ఉంది. ఈసారి ఆమెను అడగలేదు. ఆపకుండా మళ్ళీ పోనిచ్చాను.